కాగితంలో లేని చప్పుడు

"ఇంకొక్కటి ఊదితే నా చెవుల్లోంచి గాలి వచ్చేస్తుందే అక్కా," అన్నాడు తమ్ముడు, పదహారో బెలూన్‌కు ముడి వేస్తూ.

"వస్తే రానీ. దానికీ ఒక బెలూన్ తగిలిద్దాం," అంది చిటపట.

ఆ అమ్మాయికి ఆ పేరు ఊరికే రాలేదు. నోట్లో మాట నిలవదు, నేల మీద కాలు నిలవదు. అలాంటి పిల్ల వారం రోజులుగా ఒక రహస్యాన్ని కడుపులో దాచుకుంది. ఈ సాయంత్రం నాలుగింటికి, ఈ హాల్లోనే, అత్తయ్య సినిమా మొదటి ఆట. అత్తయ్య లోపలికి అడుగు పెట్టగానే పదహారు బెలూన్లు పగలాలి, ఆరు ఈలలు మోగాలి, పిల్లలందరూ ఒక్కసారిగా "సర్‌ప్రైజ్!" అని అరవాలి. అదీ పథకం.

అత్తయ్య డెయిరీలో పనిచేస్తుంది. ఆవుల గిట్టలు పెరిగితే కత్తిరిస్తుంది, పుండు పడితే కడిగి మందు వేస్తుంది. ఎంతటి పొగరుబోతు ఆవైనా ఆమెకు కాలు ఇస్తుంది. ఆ సంగతి విన్న ఒక దర్శకురాలు ఏడాదంతా ఆమె వెంట తిరిగి, ఆమె జీవితాన్ని సినిమాగా తీసింది. అందులో అత్తయ్యగా ఒక నటి వేసింది, నాన్నగా ఒక నటుడు వేశాడు. మొండితోకగా మాత్రం మొండితోకే వేసింది.

మొండితోక అంటే సగం తోక మాత్రమే ఉన్న ముసలి బూడిదరంగు ఆవు. అత్తయ్యకు ప్రాణం. సినిమా పూర్తయిన నెలకే అది చనిపోయింది. అత్తయ్య ఏడవలేదు. కానీ దాని కొట్టం ముందుకు వచ్చేసరికి ఇప్పటికీ ఆమె అడుగు నెమ్మదిస్తుంది. దర్శకురాలు కనిపించినప్పుడల్లా అత్తయ్య ఒకే మాట అడుగుతుంది.

"సినిమాలో మొండితోక ఉందా?"

"ఉందమ్మా."

"తీసేయలేదు కదా?"

"తీసేయలేదు."

అత్తయ్య జేబులో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. ఆ రోజు ఏమేం జరుగుతుందో అందులో వరుసగా రాసి ఉంటుంది. ఈ రోజు కాగితం దర్శకురాలు రాసిచ్చింది. నాలుగింటికి హాలు. కుడివైపు చివరి కుర్చీ. దీపాలు ఆరడం. సినిమా. తర్వాత టీ.

"మా అక్కకు ఆటిజం ఉంది," అని నాన్న చాలాసార్లు చెప్పాడు. "మనకు మామూలుగా వినిపించే చప్పుడు తనకు దెబ్బలా తగులుతుంది. ముందు తెలియనిది జరిగితే కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది." చిటపట ఆ మాట ఎన్నిసార్లు విన్నదంటే, వినడం మానేసింది.

నాలుగు కొట్టింది. తలుపు తెరుచుకుంది. అత్తయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాగితంతో లోపలికి వచ్చింది.

"సర్‌ప్రైజ్!"

ఢాం ఢాం మని బెలూన్లు పేలాయి. ఈలలు కీచుమన్నాయి. అత్తయ్య రెండు చేతులతో చెవులు మూసుకుంది. కాగితం కింద పడింది. ఆమె గోడ వైపు తిరిగి, గోడను తడుముకుంటూ తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి పరుగెత్తింది.

తమ్ముడి చేతిలో మిగిలిన ఒక్క బెలూన్ ముడి ఊడి కుయ్యిమంటూ గాలి వదిలింది.

ఆ రోజు అత్తయ్య సినిమా చూడలేదు.

"ఇంకా రెండు ఆటలున్నాయి, రేపొకటి, ఎల్లుండొకటి," అంది దర్శకురాలు నాన్నతో. "ఆ తర్వాత నేను సినిమా తీసుకుని వెళ్లిపోవాలి."

రాత్రి భోజనాల దగ్గర నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని చిటపటకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే డెయిరీకి పరుగు తీసింది. అత్తయ్య వీపు కనబడగానే, వెనకనుంచి వెళ్లి గట్టిగా వాటేసుకుని సారీ చెప్పేద్దామనుకుంది. అంతలో అత్తయ్య గొంతు వినిపించి ఆగిపోయింది.

అత్తయ్య ఎర్రావు పక్కన నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన ఆవు. కళ్లు పెద్దవి చేసి బెదురుగా చూస్తోంది.

"ఇప్పుడు నీ నడుము మీద చెయ్యి వేస్తున్నాను," అంది అత్తయ్య. చెయ్యి వేసింది. "ఇప్పుడు చెయ్యి కిందకు వస్తోంది. ఇప్పుడు కాలు పట్టుకుంటున్నాను."

పట్టుకుని, ఊరుకుంది. లాగలేదు, ఎత్తలేదు. అలాగే ఉంది.

"ఎందుకు ఆగావు అత్తయ్యా?" చిటపట ఉండబట్టలేక అడిగింది, మెల్లగానే.

అత్తయ్య తిరిగి చూడలేదు. "అది బరువు అవతలి కాలి మీదకు మార్చుకోవాలి. అప్పుడే ఈ కాలు ఇవ్వగలదు. చెప్పకుండా ఎత్తితే తంతుంది. తప్పు ఆవుది కాదు."

ఎర్రావు ఒళ్లు కొంచెం అటు వాల్చింది. కాలు తేలికగా పైకి లేచింది. చిటపట నిన్నటి బెలూన్లు తలుచుకుంది.

"ఇవాళ కాకపోయినా, రేపటి ఆటకు వస్తావా అత్తయ్యా?"

"రాను. మొండితోకను చూడాలని ఉంది. కానీ నిన్నటి చప్పుడు కాగితంలో లేదు. రేపు ఏం ఉంటుందో నాకు తెలియదు."

ఆ సాయంత్రం చిటపట పలకా బలపం లాగా నోటుబుక్కూ పెన్సిలూ పట్టుకుని హాలు ముందు వరుసలో కూర్చుంది.

"సినిమాకి వచ్చి హోంవర్కా? ఎవరైనా చూస్తే మన పరువేం కావాలి!" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని టైం చెప్పు," అంది చిటపట. ఆ గంటన్నరలో ఆమె మాట్లాడిందల్లా దాదాపు అంతే.

మర్నాడు, ఆదివారం పొద్దున, చిటపట అత్తయ్య చేతిలో మూడు పేజీలు పెట్టింది. అత్తయ్య నిలబడే చదివింది.

"దీపాలు ఆరుతాయి. పూర్తి చీకటి కాదు. తలుపు పైన పచ్చ బల్బు వెలుగుతూనే ఉంటుంది."

"తెర మీద ఇనుప గేటు దబ్బున మూసుకుంటుంది. చాలా గట్టిగా. ఎర్ర టోపీ మనిషి కనబడగానే చెవులు మూసుకోవచ్చు."

"వెనక వరుసలో ఒకాయన దగ్గుతాడు. ఈ రోజు వస్తాడో రాడో నాకు తెలియదు."

"ముప్పై రెండో నిమిషం. మొండితోక వస్తుంది. వెనక్కి తిరిగి మన వైపు చూస్తుంది."

ఈ చివరిది రాసేటప్పుడు చిటపట పెన్సిల్ కాసేపు ఆగింది. ఒక్కటైనా సర్‌ప్రైజ్‌గా దాచుకుందామా అనిపించింది. తర్వాత రాసేసింది, కొంచెం పెద్ద అక్షరాలతో.

అత్తయ్య మూడు పేజీలూ మూడుసార్లు చదివింది. మడత పెట్టి జేబులో వేసుకుంది.

"నాలుగింటికే కదా?" అంది.

హాల్లో కుడివైపు చివరి కుర్చీలో అత్తయ్య, పక్కన చిటపట.

"దగ్గే ఆయన వచ్చాడా?" అత్తయ్య గుసగుసగా అడిగింది.

"వచ్చాడు. నీలం చొక్కా."

"సరే."

దీపాలు ఆరాయి. పచ్చ బల్బు వెలుగుతూనే ఉంది. ఎర్ర టోపీ వచ్చింది, చేతులు చెవుల మీదకు వెళ్లాయి, గేటు మూసుకుంది, చేతులు కిందకు దిగాయి. ముప్పై రెండో నిమిషంలో తెర మీద సగం తోక ఊగింది. మొండితోక తల తిప్పి, హాలంతా ఖాళీ అన్నట్టు, సూటిగా అత్తయ్యను చూసింది.

అత్తయ్య పెదవులు కదిలాయి. "ఇప్పుడు నీ నడుము మీద చెయ్యి వేస్తున్నాను," అంది, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా. ఆమె బుగ్గ మీద తడి మెరిసింది.

చిటపటకు వెంటనే ఆమె మెడ చుట్టూ చేతులు వేసేయాలనిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అత్తయ్యా, ఇప్పుడు నీ చెయ్యి పట్టుకుంటాను," అంది.

అని, ఆగింది.

తెర మీద మొండితోక మేత నములుతోంది. వెనక నీలం చొక్కాయన దగ్గాడు. చిటపట కదలలేదు. అప్పుడు అత్తయ్య కుర్చీలో కొంచెం ఇటు వాలి, అరచెయ్యి పైకి తిప్పి, ఇద్దరి మధ్యా పెట్టింది.