చాచిన చేతులు

డిటెక్టివ్ కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. కొంగు అంచును వేలికి చుడుతూ, విప్పుతూ గుమ్మంవైపే చూస్తోంది.

"మావయ్యని నేనే తోసేశానంటున్నారండీ. ఆయనకింకా స్పృహ రాలేదు. సాయంత్రంలోగా నన్ను అరెస్టు చేస్తారట."

భర్త పోయాక మావగారి వడ్రంగి షెడ్డును ఆమే నడుపుతోంది. ఆ ఉదయం పెద్దాయన షెడ్డు అటకమీంచి పడ్డాడు. అటకమీద ఆయనతో ఉన్నది ఈమె ఒక్కతే. 'కోడలు చేతులు చాచింది, ఆయన పడిపోయాడు' అని ఎదురింటి టైలరమ్మ సాక్ష్యం. పెద్దాయన గొంతుమీద ఎర్రటి చార ఉందని డాక్టరు చెప్పాడు.

"మీరేం చేశారు?" అన్నాడు డిటెక్టివ్.

"రెయిలింగు కదలడం చూసి అరిచాను. ఆయనకి వినికిడి తక్కువ. పరిగెత్తాను. చొక్కా దొరికింది, మనిషి దొరకలేదు."

"షెడ్డులో ఇంకెవరున్నారు?"

"మా మరిది. వెనకగదిలో రంపం మెషిన్ ఆడుతోంది. షెడ్డు నా పేర పెడతానని మావయ్య నిన్ననే చెప్పాడు. మరిది పల్లెత్తు మాట అనలేదు."

డిటెక్టివ్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అసిస్టెంట్ పరుగులాంటి నడకతో అతన్ని అందుకుంది.

అటకమీద రెయిలింగు ఒక చివర ఊడి వేలాడుతోంది. మరమేకుల రంధ్రాలను అసిస్టెంట్ వేలితో తడిమింది.

"చెక్క ఎక్కడా చీలలేదు సార్."

డిటెక్టివ్ తలూపి, ఎదురింటికి దారితీశాడు.

"చేతులు చాచింది కదండీ, తోసినట్టేగా!" అంది టైలరమ్మ.

"చాచడం వేరు, తోయడం వేరు. అరచేతులు తెరిచి ఉన్నాయా?"

ఆమె తన చేతులు గాల్లోకి లేపి చూసుకుంది. "లేదు... గుప్పిళ్ళు. బిగించిన గుప్పిళ్ళు."

"ఒళ్ళు ముందుకి తూలిందా?"

"వెనక్కి... ఏమంటారబ్బా దాన్ని? తాడు లాగేవాళ్ళలా మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలింది." టైలరమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, పోలీసులకి ఈ మాట చెప్పలేదే!"

"అంతకుముందు పెద్దాయన?"

"వంగున్నాడు."

"ఎలా వంగి?"

"పొట్ట రెయిలింగుకి ఆనించి... చెవి వెనక చెయ్యి దొప్పలా పెట్టుకుని."

అసిస్టెంట్ నోరు తెరవబోయింది. డిటెక్టివ్ కళ్ళతోనే ఆపాడు.

గంట తిరక్కుండా అందరూ షెడ్డులో చేరారు. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటున్నాడు. మరిది గోడకి ఆనుకుని కాలు ఆడిస్తున్నాడు.

"తోసేవాళ్ళు వెనక్కి వాలరు," అన్నాడు డిటెక్టివ్. "ఈమె వెనకనుంచి చొక్కా పట్టి లాగింది. కాలరు గొంతుకి ఒరుసుకుని చార పడింది. ఇక రెయిలింగు. బరువుకి ఊడితే మరమేకులు చెక్కని చీల్చుకుని వస్తాయి. వీటిని ముందే ఎవరో విప్పేశారు. అయితే పెద్దాయన దానికి ఆనుకోవాలిగా? చెవి వెనక చెయ్యి పెట్టుకుని కిందికి వంగాడంటే, కిందనుంచి పిలిచారన్నమాట. అప్పుడు కిందున్నది ఒక్కడే."

"రంపం మోతలో నాకేమీ వినపడలేదు!" మరిది అరిచాడు.

"నీకు వినపడిందా అని ఎవరడిగారు? మెషిన్ ఆడుతుండగానే వదిలేసి ఇక్కడికొచ్చావు. ఏమని పిలిచావు?"

మరిది ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు, తలుపు చూశాడు. కాలు ఆగిపోయింది.

"నాన్నా అని. కావాలనే మెల్లగా పిలిచాను. 'ఏంట్రా కన్నా?' అంటూ వంగాడు."

ఇన్‌స్పెక్టర్ అతని భుజంమీద చెయ్యి వేశాడు.

కోడలు మరిది వంక చూడలేదు. "ఇంక నేను ఆస్పత్రికి వెళ్ళొచ్చా అండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వీధిలోకి పరుగెత్తింది. టైలరమ్మ ఇంటి తలుపైనా వేయకుండా ఆమె వెనకే పరుగు తీసింది.