పిడిలో గాడి

పొద్దున్నే కొలిమి రాజేయడానికి వచ్చిన కమ్మరి, గోడకు వేలాడుతున్న కొత్త కొడవళ్లను చూసి ఆగిపోయాడు. ఒక్క పిడికీ గాడి లేదు.

"ఏమిటివి?"

"కొడవళ్లు," అంది కూతురు బొగ్గులు ఎగదోస్తూ.

"నాకూ కళ్లున్నాయి. గాడి ఏది?"

"తీసేశాను నాన్నా."

చూపుడువేలి కింద లోతుగా చెక్కే ఆ గాడి ఆ ఇంటి గుర్తు. తాత చెక్కాడు. తండ్రి చెక్కాడు. తనూ చెక్కాడు. ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో పని నేర్చుకునేవాడు ప్రశ్న వేస్తే వీపు చిట్లేది.

"మన సరుకును జనం ఏం చూసి కొంటున్నారనుకున్నావ్?"

"ఇనుము చూసి. గాడిని తిట్టుకుంటూనే కొంటారు. దాని అంచు బొటనవేలి మొదట్లో ఒరుసుకుపోతుంది."

"పట్టుకోవడం చేతకాని వాళ్లకి!"

కూతురు పట్టకారు కింద పడేసింది. "అమ్మకూ ఇదే మాట చెప్పావు. బతికినన్నాళ్లూ చేతికి గుడ్డ చుట్టుకునే గడ్డి కోసింది."

ఆయన గొంతు పెంచాడు. "నా కొలిమిలో నా పద్ధతే. కాదంటే ఇంకో కొలిమి చూసుకో!"

"చూసుకుంటా." తన సుత్తి తీసుకుని లేచింది.

ఆ కేకలకు కమ్మరి తల్లి పెరట్లోంచి వచ్చింది. "పొద్దున్నే ఏమిట్రా ఈ రచ్చ?"

"నీ మనవరాలు తాత గాడిని ఎత్తేసిందమ్మా."

ముసలావిడ ఒక కొడవలి అందుకుని చూసింది. "దీనికి గాడెందుకురా? బొటనవేలు ఉందిగా."

"ఏంటీ?"

"మా మామగారికి కుడిచేతి బొటనవేలు లేదు. సమ్మెట కింద నలిగిపోయింది. వాళ్ల నాన్న చేసిన పిడి చేతిలోంచి జారిపోతోందని, చూపుడువేలు ఇరికించుకోవడానికి గాడి చెక్కుకున్నాడు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరంతా ఏదో తెలిసే చెక్కుతున్నారనుకున్నా. మీ నాన్నని అడిగితే 'నీకెందుకే' అనేవాడు. నువ్వు మాత్రం ఆయన కొడుకువి కాదూ!"

కూతురికి నవ్వు రాబోయింది. తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన తన బొటనవేలిని చూసుకుంటున్నాడు. గుడ్డ చుట్టిన భార్య చేయి కళ్లముందు మెదిలింది. క్షమించమని అడగడానికి మనిషి లేదు. కళ్లు నిండాయి. ఆయన తుడుచుకోలేదు.

కూతురు గడప దాటబోయింది.

"ఆగు." తల్లి చేతిలోని కొడవలి తీసుకుని, వేలి మీద అడ్డంగా నిలబెట్టాడు. మొన పైకి లేచింది. "గాడి తీసేసి ఊరుకుంటే ఎలా? కలప మిగిలిపోయి వెనక బరువెక్కింది. కోసేవాళ్ల మణికట్టు లాగేస్తుంది. ఇక్కడ సన్నం చెయ్యాలి."

"ఎంత సన్నం?"

"నాకేం తెలుసు? ఎవరు చేశారు గనక? చెక్కి చూద్దాం."

ఆమె సుత్తి దించింది. ఆయన పిడిని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ ముడిచాడు.

"గట్టిగా పట్టుకో. ఎక్కడ ఒత్తుతోందో చెప్పు."