సువర్ణమ్మ ఉగ్గుగిన్నె

ఘాట్‌రోడ్డు మీద కొండరాళ్ళు విరిగిపడి, చింతపల్లి బస్సు సగం దారిలోంచి వెనక్కి తిరిగింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే షర్మిలకు ఆ సంగతి ఎప్పటికి తెలిసేదో! కొండమీద బడిలో పాఠం చెప్పుకోవాల్సిన వేళకి నర్సీపట్నంలో ఆటో దిగి, సొంతింటి గుమ్మంలో నిలబడిపోయిందా తల్లి... కాళ్ళు కదిలితే ఒట్టు!

వసారాలో అత్తగారు సువర్ణమ్మ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆ కాళ్ళమీద వెల్లకిలా, ఇంకా ఏడాదైనా నిండని రాచెల్! చేతులు రెండూ తువ్వాలుతో బిగించి, ముక్కు నొక్కిపట్టి, ఉగ్గుగిన్నెతో రాగిజావ గొంతులో పోసేస్తోంది. పిల్ల ఊపిరాడక గురగురమంటూ మింగుతోంది. పొద్దున్న షర్మిల మెత్తగా ఉడికించి, మూతపెట్టి వెళ్ళిన గుమ్మడిముక్కల్ని పెరట్లో కోళ్ళు పొడుచుకు తింటున్నాయి!

"అత్తయ్యా!" ఆ కేకకి గిన్నె కిందపడి జావంతా ఒలికిపోయింది.

రాచెల్‌కి తన చేత్తో తినడం ఎవరూ నేర్పలేదండీ. తల్లి ఒళ్ళో కూర్చుని కంచంలోది లాక్కుంటే, పోనీలెమ్మని వదిలింది షర్మిల. అంతే! మెత్తటి ముక్క గుప్పిట పట్టి, సగం మొహానికి, సగం నోట్లోకి... కడుపు నిండితే కంచం తోసేసేది. ఆ ముచ్చట చూడ్డానికి రెండు కళ్ళు చాలేవి కావు. సెలవు అయిపోయి బడికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు అత్తగారిని ఎంత బతిమాలుకుందని! "మీరు దగ్గర కూర్చుంటే చాలత్తయ్యా, దానంతట అదే తింటుంది" అని. సాయంత్రం అడిగితే, "సుబ్బరంగా తినేసినాదమ్మా" అనేది ఆవిడ. మరి గిన్నె చప్పుడు వింటే చాలు, పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకునేదెందుకు? పళ్ళొస్తున్నాయేమో అనుకుంది పిచ్చితల్లి!

"రోజూ ఇంత అబద్ధం ఎలా చెప్పారత్తయ్యా? నా బిడ్డకి తిండంటేనే భయం పుట్టించారు కదండీ!"

"మరేటి సెయ్యమంటావే? సర్చిలో అందరూ గుంట సిక్కిపోనాదంటన్నారు. దానికొగ్గేస్తే రెండు ముక్కలు నలిపి పారేస్తాది. అదీ తిండేటి?" సువర్ణమ్మ ఒలికిన జావని కొంగుతో తుడిచింది. "నీ మొగుడికి ముందు పుట్టినోడు... నా పెద్దోడు... జొరమొచ్చి నోరు మూసుకుంటే, ఆకలేస్తే ఆడే తింటాడని ఊరుకున్నాను. ఆడింక నోరు తెరవనేదు! మళ్ళీ ఊరుకోమంటావేటే నన్ను?"

షర్మిల పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. కడుపులో కోపం అలాగే ఉంది, దాని పక్కనే జాలీ ఉంది. భర్త జాన్ ప్రసాద్‌కి చెప్పుకుంటే, "మాయమ్మ పెంచబట్టే కదే నానింతోణ్ణయ్యాను!" అని దులిపేసుకున్నాడు. మర్నాటినుంచి ఉగ్గుగిన్నెని తన హ్యాండుబ్యాగులో పెట్టుకుని బడికి పోయింది షర్మిల. ఏం లాభం? గిన్నె లేకపోతే గ్లాసు! చివరికి పిల్ల తల్లి చేతిలోది కూడా ముట్టడం మానేసింది. వేసవి సెలవులంతా ముక్క ముందు పెట్టి, నోట్లో కుక్కకుండా, తినమనకుండా, కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ పక్కన కూర్చుంటే... ఎప్పటికో ఆ చిట్టిచెయ్యి భయంభయంగా కంచంలోకి వచ్చింది.

బడులు తెరిచాక, తొలివానల్లో సువర్ణమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇక మాట రాదని డాక్టరు చెప్పేశాడు.

ఇప్పుడు ఇద్దరికీ షర్మిలే! ఒకనాటి పొద్దున్న, ఎదురింటి తలుపులమ్మ కాపలాకి రావడం ఆలస్యమైంది. అవతల బస్సు వేళవుతోంది. మంచం మీద అత్తగారు పెదాలు బిగించేసుకుంది. "తెరవండత్తయ్యా... బేగి తెరవండి!" షర్మిల ఆవిడ దవడ నొక్కిపట్టి చెంచా లోపలికి తోసేసింది. జావ మెడమీదికి కారిపోయింది. సువర్ణమ్మ బెదిరిపోయి కళ్ళు తేలేసింది... అయ్యో! ఆ చూపు షర్మిల ఎరుగును. ఆవేళ గుమ్మంలో నిలబడి రాచెల్ కళ్ళల్లో చూసిన చూపే! చేతిలో చెంచా జారిపోయింది. "నేనూ అదే చేస్తున్నాను ప్రభువా..." అని మంచంకోడు పట్టుకుని భోరుమంది.

రాచెల్ తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. తన కంచంలోంచి మెత్తటి గుమ్మడిముక్క ఒకటి తీసి, నానమ్మ నోట్లో పెట్టలేదు... కదలగలిగిన ఆ ఎడంచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

షర్మిల గబగబా అత్తగారిని లేపి, తన భుజానికి ఆనించి కూర్చోబెట్టింది. ముసలిచెయ్యి వణుక్కుంటూ, వణుక్కుంటూ పైకి లేచింది. సగం చెంపకి, సగం నోట్లోకి... సువర్ణమ్మ తనంతట తనే తింది! కళ్ళమ్మట ధారలు కడుతుంటే కోడలి వంక చూసింది. చెప్పాలనుకున్నది ఎంతుందో ఏమో, పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"చెప్పకండత్తయ్యా... నాకు తెలిసింది" అంది షర్మిల.

వీధి చివర బస్సు హారన్ మోగింది, వెళ్ళిపోయింది. అత్తగారిని అలాగే ఆనించుకుని, ఆవిడ రెండో ముక్క తినేదాకా కూర్చుంది షర్మిల.