నిమ్మళపు పొర

తెరమీద నాలుగు కాళ్లు కనబడ్డాయి. నూకరత్నం చూపు వాటి మీద, వేలు మీట మీద ఉన్నాయి.

పెంపుడు పిల్లుల ఆరోగ్యం కనిపెట్టే కాకినాడ ఎరుక కేంద్రంలో పరిశీలకులకు ఇంటి పేరు గానీ పిల్లి మొహం గానీ చూపించరు. పిల్లి ఒంటేలు పోసే ఇసుకపళ్లెం అడుగు నుంచి వచ్చే బొమ్మ, దాని మూల తేడా చేస్తే ఎర్రబడే ఒక దీపం, అంతే. అయినదానికీ కానిదానికీ హడలిపోయే అతిభయస్తుల ఇళ్లలో దీపం ఎర్రబడితే దానిమీద నిమ్మళపు పొర కప్పాలి. అప్పుడు ఇంటివాళ్లకు పచ్చగానే కనబడుతుంది. నిజంగా ప్రమాదమైతే వైద్యవిభాగం చూసుకుంటుందని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు చెప్పారు. ఆమె నమ్మింది. ఈ పొద్దున కూడా చాలా ఇళ్లకే కప్పింది.

ఈ పిల్లి ఇసుక గోకి కూర్చుంది. వీపు వంచి ముక్కింది. ఇసుక తడవలేదు. లేచి కింద నాక్కుంది, రెండడుగులు వేసింది, మళ్లీ వచ్చి కూర్చుంది. మూల దీపం ఎర్రబడింది.

మూడు కాళ్లు తెలుపు. వెనక ఎడమకాలు మాత్రం బొగ్గులో ముంచి తీసినట్టుంది. దానికి చివరి గోరు లేదు. తలుపుసందులో పడి ఆ గోరు ఊడినప్పుడు పసుపు అద్దింది తనే.

పటిక. తన ఇంటి పిల్లే.

పొద్దున్న అది స్నానాలగదిలో చల్లటి నేలమీద కూర్చుని ఒకలా అరిచింది. కంగారుగా చేతితెర చూసుకుంటే పచ్చదీపం. మలబద్ధకమేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుని పనికి వచ్చేసింది.

"జోగారావుగారూ, మా ఇల్లు అతిభయస్తుల్లో ఉందా?"

పై అధికారి జోగారావు ఆమె డబ్బాలోంచి తీసుకున్న గారె నోటిదాకా తెచ్చి ఆగాడు. "మిమ్మల్ని ఆ జాబితాలో పెట్టడానికి మీ అమ్మాయే ఒప్పుకుందమ్మా. మీ మంచికే కదా అని నేనూ ఊరుకున్నాను."

"మరి వైద్యవిభాగం చూస్తోందా?"

అతను గారె వంక చూశాడు. "అది ఎత్తేసి చాన్నాళ్లయింది."

నూకరత్నం వెంటనే కూతురికి ఫోను కలిపింది.

"దివిజా, పటికని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరకి పరుగెత్తు. దానికి ఒంటేలు ఆగిపోయింది. మగపిల్లి, ఆలస్యమైతే దక్కదు."

"మళ్లీ మొదలెట్టావా అమ్మా? నేను తుమ్మితే న్యుమోనియా అన్నావు, పన్నునొప్పంటే క్యాన్సరన్నావు..."

"అన్నాను. అందుకని నా కళ్లకి గంతలు కడతావటే?"

అవతల ఎక్కడో వెనక నుంచి పటిక అరుపు సన్నగా వినిపించింది. దివిజ గొంతు మారింది.

"బుట్టెక్కడుందమ్మా?"

"మంచం కింద. పొట్ట నొక్కకు, మెల్లిగా ఎత్తుకో."

ఫోను పెట్టగానే జోగారావు ఊపిరి వదిలాడు. "మీ ఇంటికి పొర తీసేస్తాలెండి. పని చూసుకోండి."

తెరమీదకు మరో నాలుగు కాళ్లు వచ్చాయి. గోధుమరంగువి. అవీ వంగి కూర్చున్నాయి. ఇసుక తడవలేదు. దీపం ఎర్రబడింది.

ఆమె వేలు మీట మీదికి వెళ్లలేదు. "నేను కప్పినవాళ్ల సంగతేంటండి?"

"వాళ్లందరికీ చెబితే ఊరంతా హడలిపోద్దమ్మా."

"హడలనీండి."

ఆమె పొరలన్నీ ఒక్కసారిగా ఎత్తేసింది. గోడంతా ఎర్రబడింది. బల్లబల్లకీ ఫోన్లు మోగడం మొదలైంది. జోగారావు ఏదో అంటున్నాడు, వినబడడం లేదు. నూకరత్నం చెంగుతో మొహం తుడుచుకుని మొదటి ఫోను ఎత్తింది. అవతల ఎవరో ఏడుస్తున్నారు.

"ఏడవకమ్మా. ముందు ఇది చెప్పు. మీ పిల్లి మగదా, ఆడదా?"