ఆన్ కాదు, ఇన్

"షామీర్‌పేట ఆపరేషన్ క్లోజ్. వెంటనే వచ్చెయ్," అంది ఇయర్‌పీస్‌లో ఢిల్లీ చీఫ్ గొంతు.

మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లిపోయింది. సుచిత్ర ఏరియాలోని ఆ స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో ఏజెంట్ భానుప్రకాశ్ ఒక్కడే మిగిలాడు. రెండేళ్లుగా ఆ పాఠాలే అతని కవర్. బయట బోర్డు మీద ఉన్న 'ప్రణయ్ సార్' అన్న పేరు కూడా కవరే. మచ్చ బొల్లారంలో అద్దె గది ఉంది కానీ, తిన్నావా అని అడిగే దిక్కులేదు.

అతనితో కూర్చుని చాయ్ తాగే మనిషి ఆఫ్షీన్ ఒక్కతే. చూపు తిప్పుకోనివ్వని అందం. షామీర్‌పేటలో ఒక వ్యాక్సిన్ ల్యాబ్‌లో టెక్నీషియన్. ఆ ల్యాబ్‌ను దెబ్బతీయాలని చూస్తున్న విదేశీ ముఠాలో ఉంటూనే అతనికి రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ముఠా తాజా ఆదేశాన్ని పొద్దున తెచ్చిచ్చింది కూడా ఆమే.

"పుల్ ద ప్లగ్ ఇన్ షామీర్‌పేట్."

ప్లగ్ పీకెయ్యడమంటే, ఇంగ్లిష్ నుడికారంలో, నడుస్తున్న పనిని అర్ధాంతరంగా ఆపెయ్యడం. ముఠా తోక ముడిచిందని ఢిల్లీ సంబరపడింది. ఇగ మీరు గూడ ఇంటికి పోవచ్చు అంది ఆఫ్షీన్. ఏ ఇంటికో అతనికి తోచలేదు.

బ్యాగ్ సర్దుతూ భానుప్రకాశ్ ఆగిపోయాడు. ఒక పనిని ఆపమనాలంటే ప్లగ్ తర్వాత 'ఆన్' రావాలి. ఇక్కడున్నది 'ఇన్'. అంటే ఇది నుడికారం కాదు. షామీర్‌పేటలో నిజంగానే ఒక ప్లగ్ ఉంది. పసిపిల్లల టీకాకు మూలమైన నమూనాలున్న ఫ్రీజర్ ప్లగ్!

ఒక్క ప్రిపొజిషన్‌ను నమ్మి టీమ్‌ను పంపలేనన్నాడు చీఫ్. భానుప్రకాశ్ ఏసీ మెకానిక్ యూనిఫాం తొడుక్కుని, ఒంటరిగా బైకెక్కాడు. దొంగ ఐడీ కార్డు చూపించి ల్యాబ్ గేటు దాటాడు.

కోల్డ్ రూమ్‌లో అలారం వైర్లు తెగి ఉన్నాయి. ఆఫ్షీన్ చేతిలో ప్లగ్ అప్పటికే సగం ఊడింది. అతను ఒక్క అంగలో వెళ్లి, ఆమె చేతిమీద చెయ్యి వేసి ప్లగ్‌ను లోపలికి నొక్కాడు. ఫ్రీజర్ ఆగలేదు. ఆమె పెనుగులాడలేదు.

"మీరు పోయింటరనుకున్న," అంది మెల్లగా. సెక్యూరిటీ బూట్ల చప్పుడు దగ్గరవుతుంటే మళ్లీ అడిగింది. "ప్రణయ్ అనే పేరన్న నిజమేనా సార్?"

"కాదు."

"నాది గూడ కాదు."

ఆమె నవ్వబోయి తల దించుకుంది. అతను ఆ చేతిని వదలడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాడు.

సాయంత్రం చీఫ్ మనసారా అభినందించాడు. ఈ సంగతి ప్రాణస్నేహితులకు కూడా చెప్పకూడదని గట్టిగా హెచ్చరించాడు. భానుప్రకాశ్ సరేనన్నాడు. ఉన్న ఒక్క మనిషినీ అతనే దగ్గరుండి పోలీసు జీపు ఎక్కించి వచ్చాడు.