ఎన్ని మింగావమ్మా?

"మీ అమ్మాయి పరీక్ష రాస్తూ పడిపోయిందండీ, వెంటనే రండి!" అని స్కూలు నుంచి ఫోను రాగానే, వీధంతా దర్జీ అక్కయ్య అని పిలిచే ఆవిడ కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి పరుగెత్తింది. పొద్దున "కడుపునొప్పమ్మా" అని పిల్ల గడప దగ్గరే చతికిలబడితే, "ఆడపిల్లన్నాక తప్పుతుందా? నేను ఓర్చుకోలేదూ? వేషాలు చాలించి పద!" అని తనే కదా బ్యాగు భుజానికి తగిలించి పంపింది! పాపిష్టి నోరు... ఒక్క మెత్తని మాట రాలేదే!

సిక్ రూములో పిల్ల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండుసార్లు వాంతయిందట. నర్సు చేతిలో ఖాళీ మాత్రల అట్ట చూసేసరికి తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. అవి ఇంట్లో నాయనమ్మ మోకాళ్ల నొప్పులకు వాడేవి!

"ఎన్ని మింగావమ్మా? నా తల్లివి కదూ... చెప్పు!"

పిల్ల నర్సును దగ్గరికి పిలిచి చెవిలో ఏదో గొణిగింది. నర్సు ఇబ్బందిగా తలెత్తింది.

"మిమ్మల్ని కాసేపు బయట ఉండమంటోందండీ. అప్పుడైతే చెబుతుందట."

కన్నతల్లిని బయటికి పొమ్మంటోందా! ఎవరి పిల్ల నడుం కొలతైనా టేపు లేకుండా చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషి, బయటికొచ్చి తలుపు పక్కన గోడకు ఆనుకుంది.

"నాలుగు, సిస్టర్... ఏమీ తినకుండా. ఎనిమిది నెలలుగా నెలసరి వచ్చిన ప్రతిసారీ ఇంతే. అమ్మకు మాత్రం చెప్పకండి!"

నర్సు గబగబా బయటికొచ్చింది. "ఆసుపత్రికి తీసుకెళ్దాం పదండి. నిలబడలేనంత నొప్పిని ఓర్చుకోమనకూడదండీ, డాక్టరుకు చూపించాలి. మాత్రలు కూడా డాక్టరు చెప్పినన్నే వెయ్యాలి."

ఆటోలో బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని, కనిపించని దేవుళ్లందరికీ మొక్కుకుంది. నా పిల్ల నాకు దక్కితే చాలు... ఇంకేమీ వద్దు!

డాక్టరమ్మ పరీక్షించి, "ప్రాణానికేం భయం లేదు, సమయానికి తెచ్చారు" అంది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "నొప్పి ఎలా వస్తుందమ్మా? ఎన్నాళ్లుంటుంది?" అని అడిగింది.

పిల్ల చటుక్కున తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు తల్లికి అర్థమైంది. నొప్పికి కాదు, మాత్రలకు కాదు... బిడ్డ భయపడుతున్నది తనకి!

"నన్ను చూడకమ్మా" అంది తల్లి. "ఎంత నొప్పుంటే అంతా చెప్పు. నేను వింటాను."

పిల్ల మెల్లగా మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. తల్లి ఒక్క మాటకూ అడ్డు రాలేదు.