మాదాపూర్ డాబా మీది తెల్లది

మాదాపూర్ గుట్ట పక్కన మూడంతస్తుల మేడ ఒకటుంది చూశారూ... దాని డాబా మంచిది కాదని పేరు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు — పైన తెల్లగా ఏదో నిలబడుతుందట. ఛాయ్ తెచ్చే కనకమ్మ కూడా పొద్దు గూకితే రెండో అంతస్తు దాటదు.

రెండో అంతస్తులో అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఆఫీసు. చేసిన పనంతా డాబా మీది వైర్‌లెస్ యాంటెన్నాలోంచే పోవాలి. చిత్రమేమిటంటే — కరెంటు వచ్చిన కాసేపటికే ఆ కనెక్షన్ చచ్చేది. తెల్లారేసరికి దానంతటదే బతికేది!

దాన్ని చూసుకునే ఉద్యోగం కడప సురేంద్రది. ఇంజనీరే... అయినా దెయ్యమంటే చలిజ్వరం. ఇన్నాళ్లూ కిందే కూర్చుని ఆ కనెక్షన్ డబ్బా ఆపి, వేసి, ఆపి, వేసి... చదివిన చదువు అందుకా!

ఆ సాయంత్రం మళ్లీ అదే తంతు. మేనేజర్ క్రిస్టోఫర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఈ రాత్రి ఫైళ్లు పోకపోతే అమెరికా వాళ్లు పని మానిపిస్తారు. ముందు పోయేది నీ ఉద్యోగమే. పైకెళ్లి చూడు."

"మీరూ రాండి సార్..."

"నాకు మోకాలి నొప్పయ్యా."

సురేంద్ర ఎక్కాడు. ఒక్కో మెట్టూ... టార్చి వేసుకుంటూ. డాబా తలుపు తోశాడు — కిర్రుమంది.

ఉంది!

యాంటెన్నా స్తంభాన్ని కావలించుకుని... తెల్లగా... తల లేదు, కాళ్లు లేవు. గాలికి ఊగుతోంది. టప్... టప్... ఏదో కారుతోంది.

ఆంజనేయ దండకం సగంలో మరిచిపోయాడు. పరుగెత్తుదామనుకున్నాడు గానీ — ఉద్యోగం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. చల్లగా తగిలింది... తడి...

వెనక నుంచి గుసగుస — "ముట్టకు..."

టార్చి జారి పడింది.

"ముట్టకు సారూ, ఏం చేతులో ఏమో! గిప్పుడే గంజి పెట్టిన."

తువ్వాలు చుట్టుకుని వాచ్‌మన్ చంద్రయ్య! అది ఆయన డ్యూటీ పంచె. కరెంటొస్తేనే మోటారు, మోటారు నడిస్తేనే నీళ్లు, అప్పుడే ఉతుకుడు. ఆరేసేది గాలి బాగా తగిలే ఆ స్తంభం మీద.

"ఇంత తడిగుడ్డ కప్పితే యాంటెన్నా నోరు మూసినట్టే గదయ్యా! తీగ మీద ఆరేసుకోగూడదా?"

"ఉండె కద తీగ! అమెరికోళ్లు వస్తున్నరు, అసయ్యమని మీ మేనేజరే తెంపిచ్చిండు. నేను మరుస్తనా?"

"మరి దెయ్యం...?"

"నేనే పుట్టిచ్చిన. లేకుంటే మీ పోరగాండ్లు గీడ సిగరెట్లు తాగి పంచెకు మసి చేస్తరు."

పంచె తీశారు. కింద నుంచి టైపు చేసే సెలీనా కేక — "వచ్చింది! ఫైళ్లు పోతున్నాయి!"

సురేంద్ర ఆఫీసులో మిగిలిన నీలం కేబుల్ చుట్ట పట్టుకొచ్చి, నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల గదికి కట్టాడు. చంద్రయ్య లాగి చూశాడు. "జర వదులుంది" అన్నాడు. మళ్లీ కట్టించాడు.

కింద క్రిస్టోఫర్ బిక్కుబిక్కుమంటూ — "పోయిందా?"

"యాడికి పోతాది సార్? మీరు తెంపిచ్చిన తీగ కోసమే తిరుగుతాందంట. కట్టిచ్చినా. ఇంగ దాన్ని ఎవురన్నా తెంపితే మాత్రం..."

మాట పూర్తికాలేదు. క్రిస్టోఫర్ మోకాలి నొప్పి మరిచి, రెండేసి మెట్లు దిగుతున్నాడు.